సైట్ ఉన్నవాళ్లు గుట్ట మీంచి సైకిల్ దింపాలంటే: కళ్లజోడా, లెన్సా, గాగుల్సా?

[దృశ్యం: హెల్మెట్ కెమెరా. ఎర్ర కంకర దారి, రెండు పక్కలా తుమ్మ కంప. సైకిల్ జోరుగా దిగుతోంది. ఉన్నట్టుండి తెర మసకబారుతుంది. బ్రేకు చప్పుడు.]

ఈ మసక కెమెరాది కాదు. మైనస్ 3 సైట్ ఉన్నవాడి కళ్లజోడు చెమటకి ముక్కు మీంచి కాస్త జారిందనుకోండి, దారి వాడికి ఇలాగే కనపడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 8 మీటర్లు దాటేస్తాం. ఒక్క సెకను తడబడితే ఆ 8 మీటర్లూ గుడ్డిగా దిగినట్టే.

[దృశ్యం: మాట్లాడే వ్యక్తి. పక్కన బల్ల మీద ఫుల్‌ఫేస్ హెల్మెట్, పట్టీతో తలకి బిగించే ఫోము అంచు గాగుల్స్, రెండు కళ్లజోళ్లు, లెన్సుల డబ్బా.]

నమస్తే అండి. నెల్లూరు, ఒంగోలు వైపు మౌంటెన్ బైకులు కొని ఆదివారం పూట గుట్టల దారి పట్టేవాళ్లలో సైట్ ఉన్నవాళ్లకి ఈ వీడియో. ముందే ఒక మాట. రాపూరు వైపు వెలికొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. దోర్నాల వైపు నల్లమల పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ దిగొద్దు. ఎర్రచందనం ఉన్న కొండల్లో ముఖమంతా కప్పుకుని, గాగుల్స్ పెట్టుకుని ఎవరికైనా ఎదురుపడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఊరి బయట గుట్టలు, పాత కంకర దారులు నేర్చుకోడానికి చాలు.

[తెర మీద: మైనస్ సైట్‌కి: 100 ÷ సైట్ నంబరు = స్పష్టంగా కనపడే దూరం, సెంటీమీటర్లలో]

"నాది చిన్న సైటే, అద్దాలు లేకుండా దిగేస్తా" అనేవాళ్లు ఈ లెక్క చూడండి. మైనస్ 2 అంటే 50 సెంటీమీటర్ల వరకే స్పష్టం. మైనస్ 4 అంటే 25. సైకిల్ మీద నిలబడితే మన ముందు చక్రమే అంతకన్నా దూరంలో ఉంటుంది. ఇంట్లో టీవీ చూడ్డానికి సరిపోయిన మసకచూపు, రాయికీ రాయి నీడకీ తేడా తెలియాల్సిన చోట సరిపోదు.

[దృశ్యం: గోడ ముందు సైకిల్. రైడర్ పెడళ్ల మీద నిలబడి ఉన్నాడు, ఒకరు వెనక నుంచి పట్టుకున్నారు.]

ఇప్పుడు కళ్లజోళ్ల షాపులో ఎవరూ అడగని సంగతి. అక్కడ మనల్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, కంటిపాప ఎదురుగా అద్దం మధ్యభాగం వచ్చేలా కొలత తీసుకుంటారు. ఆఫీసుకి అది సరే. దిగేటప్పుడు మనం కూర్చోం. నడుము వంచి, ఛాతీ హ్యాండిల్ మీదికి దించి, చూపు మాత్రం పది పదిహేను మీటర్లు ముందుకి పెడతాం. తల కిందికి వంగుతుంది, కళ్లు పైకి లేస్తాయి.

[దగ్గరి దృశ్యం: కళ్లజోడు. రైడర్ కంటిపాప ఎదురుగా మార్కరుతో చిన్న చుక్క పెడతారు. జోడు తీసి చూపిస్తే చుక్క పై అంచుకి ఆనుకుని ఉంది.]

చూశారుగా చుక్క ఎక్కడ పడిందో. చూపంతా అద్దం పై అంచులోంచి పోతోంది. సన్న ఫ్రేములైతే అసలు ఫ్రేము మీదుగానే, అద్దం లేకుండానే చూస్తున్నాం. పవర్ ఎక్కువున్నవాళ్లకి ఇంకో తిప్పలు. అంచులోంచి చూసినప్పుడు వస్తువు ఉన్నచోటి నుంచి కాస్త పక్కకి జరిగినట్టు కనపడుతుంది. అందుకే సైకిల్‌కి వాడే జోడు ఎత్తున్న ఫ్రేముతో, ముఖానికి దగ్గరగా, గట్టిగా కూర్చునేదై ఉండాలి. ఈ చుక్క పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు, చూపు నిలపడానికి ఎదురుగా గోడకి ఒక క్యాలెండర్ ఉంటే చాలు.

అద్దం దేంతో చేశారన్నది కూడా ముఖ్యం. గాజు అద్దమైతే ఆ జోడుతో దిగొద్దు, పగిలితే ముక్కలు కంట్లోకే వస్తాయి. షాపులో మామూలుగా ఇచ్చే ప్లాస్టిక్ కూడా గట్టి దెబ్బకి పగిలేదే. పాలీకార్బొనేట్ లేదా ట్రైవెక్స్ కావాలని అడగండి. పాలీకార్బొనేట్ చవక, అంతటా దొరుకుతుంది, కాకపోతే అంచుల్లో కొద్దిగా రంగుల చారలు కనపడతాయి. ట్రైవెక్స్ చూపు ఇంకాస్త శుభ్రం, ధర ఎక్కువ. పల్చగా ఉంటాయని 1.67, 1.74 అనే హై ఇండెక్స్ అద్దాలు చూపిస్తారు (ఈ అంకెలు పవర్ కాదు, అద్దం కాంతిని ఎంత వంచుతుందో చెప్పేవి). అందానికి బాగానే ఉంటాయి, దెబ్బ తట్టుకోడంలో పాలీకార్బొనేట్‌కి సాటిరావు. ఇక బ్లూ కట్ అంటూ ఇంకో వెయ్యి కలపబోతే నవ్వి ఊరుకోండి. గుట్ట మీద కంప్యూటర్ లేదు.

[దృశ్యం: రైడర్ కళ్లజోడుతోనే ఫుల్‌ఫేస్ హెల్మెట్ తొడుక్కోబోతున్నాడు. జోడు వంకరపోయింది.]

రైడర్: అన్నా, చెవుల దగ్గర తట్టుకుంటోందన్నా.

మాట్లాడే వ్యక్తి: ముందు జోడు తియ్యి అబ్బయా. హెల్మెట్ తొడుక్కో. బకిల్ పెట్టు. ఇప్పుడు ముందు సందులోంచి జోడు కాడల్ని నిదానంగా దూర్చు. గాగుల్స్ ఆఖర్న.

రైడర్: ఒక కాడ పోవడంలేదు.

మాట్లాడే వ్యక్తి: చెవి దగ్గర కొక్కెంలా వంగుంది కదా, అదే మెత్తకి తగులుకుంటోంది. సైకిల్ జోడుకి కాడలు తిన్నగా ఉండేవి తీసుకోవాల.

[దృశ్యం: గాగుల్స్ లోపలి వైపు, ఫోము దగ్గరగా.]

కళ్లజోడు మీద పెట్టుకునే గాగుల్స్ వేరేగా వస్తాయి. లోతు ఎక్కువ, పక్క ఫోములో కాడలకి గాడి కోసి ఉంటుంది. గాడి లేని గాగుల్స్ పెడితే ఫోము కాడని కణతలకేసి నొక్కుతుంది. కాసేపటికి తలనొప్పి గ్యారంటీ.

అసలు బాధ ఆవిరి. ఏసీ కార్లోంచి దిగగానే అద్దాలు తెల్లబడటం నెల్లూరులో అందరికీ అనుభవమే. చల్లటి అద్దానికి తేమగాలి తగిలి నీరవుతుంది. గాగుల్స్ లోపల జరిగేదీ అదే, ముఖం చెమట, ఊపిరి ఆవిరి అక్కడ ఇరుక్కుంటాయి. సైకిల్ కదులుతుంటే గాలి ఆడి ఆరిపోతుంది, ఆగితే కమ్మేస్తుంది. కాబట్టి కారు దిగిన తరువాత జోడుని బయటి వేడికి కాసేపు వదిలేయండి. ఆగినప్పుడల్లా గాగుల్స్ హెల్మెట్ మీదికి ఎత్తండి. గాగుల్స్ లోపలి వైపు ఆవిరి పట్టని పూత ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు రుద్దితే ఊడిపోతుంది. మెత్తటి బట్ట అద్ది వదిలేయడమే. కళ్లజోడుని అయితే ముందు నీళ్లతో కడిగి ఆ తరువాత తుడవాలి. కంకర దుమ్ము మీద పొడిబట్ట వేసి రుద్దామంటే పాలీకార్బొనేట్‌ని ఆకురాయితో తోమినట్టే. అద్దాలని కారు డ్యాష్‌బోర్డు మీద ఎండకి వదిలేసినా పూత సన్నగా పగుళ్లిస్తుంది.

[తెర మీద: కాంటాక్ట్ లెన్స్]

ఇప్పుడు నా ఓటు దేనికో చెబుతాను. డాక్టర్ సరేనన్నవాళ్లకి రోజుకో జత వాడి పారేసే మెత్తటి లెన్సు, పైన మామూలు గాగుల్స్. జారదు, ఆవిరి పట్టదు, కన్ను ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఇందాకటి చుక్క గొడవే ఉండదు. పక్కచూపుకి ఫ్రేము అడ్డురాదు. మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఐతే కళ్లజోడు నంబరు చెప్పి లెన్సు కొనేయడం కాదు. లెన్సు కంటికి ఆనుకుని ఉంటుంది, జోడు ఓ 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకని జోడులో మైనస్ 5 ఉంటే లెన్సు సుమారు మైనస్ 4.75 పడుతుంది. మైనస్ 8 అయితే 7.25 దగ్గర. చిన్న నంబర్లకి తేడా రాదు. కన్ను వంపు కూడా కొలవాలి కాబట్టి ఒకసారి కంటి డాక్టర్ దగ్గరే అమర్చుకోవాలి. సిలిండర్ పవర్ ఉంటే, అంటే కంటికి ఒక్కో దిశలో ఒక్కో పవర్ కావాల్సి వస్తే, దానికి తగ్గ టోరిక్ లెన్సు ఇస్తారు. అది కంట్లో తిరిగితే చూపు చెదురుతుంది. రెండు మూడుసార్లు రెప్ప వేస్తే మళ్లీ కుదురుకుంటుంది.

[దగ్గరి దృశ్యం: చేతులు. సబ్బు, నీళ్లు, పోగులు రాని తువ్వాలు. ఆ తరువాత లెన్సు వేలి కొన మీద గిన్నెలా నిలబడి ఉంది.]

లెన్సుకి శత్రువు మన చెయ్యే. పొద్దున్నే కారం దోశ తిని ఆ వేళ్లతో లెన్సు పెట్టుకుంటే ఏమవుతుందో నెల్లూరోళ్లకి వేరే చెప్పాలా? ముందు లెన్సు పెట్టుకుని తరువాత తినండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఎందుకంటే నీళ్లే అసలు ప్రమాదం. కుళాయి, బోరు, బావి, పెంచలకోన జలపాతం, ఏ నీళ్లైనా సరే లెన్సుకి తగలకూడదు. నీళ్లల్లో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సు ద్వారా కంటికి పడితే నెలల తరబడి వైద్యం, చూపు పోయినా పోవచ్చు. పైనుంచి దిగాక కోనలో తల ముంచాలనుకుంటే ముందు లెన్సులు తీసి పారేయండి. ఉమ్ముతో తడిపి పెట్టుకోవడమూ వద్దు.

దుమ్ము పడితే? గాగుల్స్ ఉంటే తక్కువే పడుతుంది. పడి గుచ్చుకుంటుంటే ఆగండి, రుద్దొద్దు. చేతులు కడుక్కుని, ఆరాక ఆ లెన్సు తీసి పారేసి కొత్తది పెట్టుకోండి. కడుక్కునే వీలు లేకపోతే కొత్తది పెట్టొద్దు, రెండో కంటి లెన్సు కూడా తీసేసి, బ్యాగులో ఉన్న కళ్లజోడు పెట్టుకుని నిదానంగా దిగిపోండి. లెన్సు వాడేవాడి బ్యాగులో కళ్లజోడు లేకపోతే వాడు ఇంటి నుంచి బయల్దేరనట్టే లెక్క. ఒక కంటి లెన్సు ఎగిరిపోయినా ఇదే పద్ధతి, ఒంటికన్నుతో లోతు సరిగా అందదు. లెన్సు కంటి వెనక్కి పోతుందని కొందరికి టెన్షన్. పోదు, పోడానికి దారే లేదు. పై రెప్ప కింద మడిచి ఉంటుంది, అంతే.

గాలికి, వేడికి కన్ను ఆరిపోతుంది. పైగా దారి మీద ధ్యాస పెట్టినప్పుడు రెప్పలు వేయడం మరిచిపోతాం. లెన్సు మీద వేసుకోదగ్గ చుక్కలేవో డాక్టర్‌నే అడగండి.

[దృశ్యం: గాగుల్స్ లోపల బిగించే పవర్ అద్దాల ఫ్రేము.]

గాగుల్స్ లోపలే బిగించే పవర్ ఇన్సర్ట్‌లు కూడా వస్తాయి. నాకు పెద్దగా నచ్చవు. ఇన్సర్ట్‌కి రెండు వైపులా ఆవిరి పట్టే వీలుంది, తుడవాలంటే మొత్తం ఊడదీయాలి, కంటికి దూరం మారడంతో పెద్ద పవర్‌లకి లెక్క తప్పుతుంది. కంట్లో లెన్సు పడనివాళ్లు, కాడలతో వేగలేనివాళ్లు మాత్రం చూడొచ్చు. పవర్ వేయించిన వంపు కూలింగ్ గ్లాసులు చిన్న నంబర్లకి బాగుంటాయి. నంబరు పెరిగేకొద్దీ ఆ వంపే చూపుని చెడగొడుతుంది.

రంగు సంగతి. చెట్ల నీడలోకి దూరే దారైతే తెల్ల అద్దమో, లేత గులాబీ రంగో వాడండి. ఎండకి నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు నల్లబడినంత త్వరగా తెల్లబడవు, నిమిషాలు తీసుకుంటాయి. ఎండలోంచి నీడలోకి పడ్డ ఆ నిమిషంలోనే చెట్టు వేరు చక్రానికి తగిలేది. మన మే నెల వేడికి అవి పూర్తిగా నల్లబడను కూడా నల్లబడవు.

ఆపరేషన్ చేయించుకుంటే పీడా వదులుతుంది కదా అంటారు. నంబరు స్థిరపడ్డాక, కన్ను సరిపోతే చేయించుకోవచ్చు. లేసిక్‌లో కంటి ముందు పొరని సన్నటి రేకులా ఎత్తి మళ్లీ మూస్తారు. గట్టి దెబ్బ తగిలితే ఆ పొర కదిలే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఇలాంటి సైకిల్ తొక్కుతామని డాక్టర్‌కి ముందే చెప్పాలి. పొర ఎత్తని పద్ధతులూ ఉన్నాయి. గాగుల్స్ మాత్రం తప్పవు.

ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా 6 దాటినవాళ్లు, ఈ ముక్క జాగ్రత్తగా వినండి. వాళ్ల కన్ను పొడుగ్గా సాగి ఉంటుంది, లోపలి రెటీనా పల్చగా ఉంటుంది. ఆపరేషన్‌తో నంబరు పోతుంది గానీ ఆ పొడుగు పోదు. ఈ ఆటకి దిగే ముందు కంటిపాపలు పెద్దవి చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. పడిన తరువాత మెరుపులు కనపడినా, కొత్తగా నల్లచుక్కలు తేలుతున్నా, ఒక పక్కనుంచి తెర దించినట్టున్నా, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. రెటీనా ఊడటానికి నొప్పి ఉండదు. ఆరోజే రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, నెల్లూరో, ఒంగోలో, చెన్నైనో ఏది దగ్గరైతే అక్కడికి.

[దృశ్యం: నెరిసిన గడ్డంతో ఒక రైడర్, ఫోను దూరంగా పట్టుకుని చూస్తున్నాడు.]

నలభై దాటిన అన్నలకి ఒక మాట. పైనుంచి కిందికి పవర్ మారుతూ ఉండే ప్రోగ్రెసివ్ జోడుతో దిగొద్దు. దాని కింది భాగం దగ్గర చదువుకి, ముందు చక్రం పక్కనున్న రాయిని చూడ్డానికి కాదు. దూరపు పవర్ ఒక్కటే వేయించిన జోడు సైకిల్‌కి వేరుగా పెట్టుకోండి. ఫోనులో మ్యాపు కనపడకపోతే పక్కనున్న కుర్రాణ్ణి చదవమనండి.