చిప్స్ ప్యాకెట్ మీదకి మనసు లాగినప్పుడు

తమ్ముడు: అక్కా, ముందే చెప్పేస్తున్నా, హెల్తీ డెజర్ట్ అనే మాట వింటేనే నాకు అనుమానం. అదీ తింటాం, కాసేపటికి చిప్స్ ప్యాకెట్ కూడా చింపుతాం.

అక్క: ఎందుకు చింపుతాం? చక్కెర తీసేస్తారు, కొవ్వు తీసేస్తారు, ఉప్పు ఊసే ఉండదు, ఇక మిగిలేది మొహం మాడ్చుకుని మింగడమే. జంక్‌లో తీపి ఒక్కటే లాగదురా, కొవ్వు, ఉప్పు, పంటికింద కరకర, అన్నీ కలిసి లాగుతాయి. మనం చేసేదాంట్లో అవి కొంచెమైనా పడకపోతే కోరిక అక్కడే ఉంటుంది.

తమ్ముడు: సరే, ఏం చేద్దాం?

అక్క: అరటిపండు.

తమ్ముడు: ఎపిసోడ్ అయిపోయింది, ఉంటా మరి.

అక్క: కూర్చో! దాంతో ఐస్‌క్రీమ్ లాంటిది చేద్దాం. తొక్క మీద నల్ల మచ్చలు బాగా పడ్డ పండు కావాలి. పండేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పైగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, కాబట్టి మామూలుగా తింటే మరీ తియ్యగా ఉందే అనిపించే పండే దీనికి సరిగ్గా సరిపోతుంది. ముక్కలు కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా ప్లేట్‌లో పరిచి, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, మర్నాడు మిక్సీలో వెయ్యి.

తమ్ముడు: పాలు పోయాలా?

అక్క: అదిగో, అందరూ తొందరపడేది అక్కడే. మొదట ఇసుకలా పొడిపొడిగా అవుతుంది. మిక్సీ ఆపి, గోడలకంటిందంతా కిందికి తోసి మళ్లీ తిప్పు. ముద్దకట్టి మోటార్ మూలుగుతుంది, అప్పుడు ఒక్క నిమిషం ఆగు. ఇంకాస్త తిప్పితే ఉన్నట్టుండి నున్నగా క్రీమ్ అయిపోతుంది. అరటిలో పెక్టిన్ అని చిక్కదనం ఇచ్చే పీచు ఉంటుంది, నీళ్లు కాస్త తక్కువ, అందుకే ఐస్ పలుకులు పెద్దగా తగలవు. అస్సలు తిరగకపోతే ఒక చెంచా పాలు చాలు, గ్లాసుడు పోశావంటే మిల్క్‌షేకే.

తమ్ముడు: చాక్లెట్ రుచి?

అక్క: చక్కెర కలపని కోకో పొడి, ఒక పెద్ద చెంచా. పీనట్ బటర్ కూడా అంతే, ఒక పెద్ద చెంచా. చిటికెడు ఉప్పు మర్చిపోకు, కోకో చేదుని అదే అణుస్తుంది. పైన వేయించిన వేరుశనగలు పలుకులు పలుకులుగా దంచి చల్లు, నీ కరకర అదే.

తమ్ముడు: తేనె వేసుకోవచ్చు కదా, అది సహజమే.

అక్క: సహజమే గానీ చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెని కూడా తగ్గించాల్సిన చక్కెరల్లోనే కలిపింది. రోజుకి 25 గ్రాముల లోపు, అంటే ఆరు చిన్న చెంచాల లోపు ఉంటే ఇంకా మంచిదంది. కోసుకుని తినే పండులో చక్కెర ఆ లెక్కలోకి రాదు. అలాగని గిన్నెడు లాగించకు, ఒక మాదిరి అరటిపండే 100 కేలరీల పైన, ఆ పీనట్ బటర్ ఇంకో వంద దాకా. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

తమ్ముడు: మరి కేలరీలు ఎలాగూ ఉన్నప్పుడు ఇంట్లో చేసుకుంటే ఒరిగేదేంటి?

అక్క: 2019లో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలో 20 మందికి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టింది. ఇష్టమొచ్చినంత తినమన్నారు. వడ్డించిన దాంట్లో చక్కెర, కొవ్వు, ఉప్పు దాదాపు సమానమే, అయినా ప్రాసెస్ చేసింది పెట్టినప్పుడు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. అందుకే తాగేలా కాదు, చెంచాతో తినేంత గట్టిగా చెయ్యమంటున్నా.

తమ్ముడు: పళ్లని తొక్కతోనే ఫ్రీజర్‌లో పడేస్తే పోలా?

అక్క: పడెయ్, తర్వాత ఆ రాయిని కత్తితో చెక్కుకుంటూ కూర్చో. తొక్క తీసి, ముక్కలు కోసి, డబ్బాలో వేసి ఉంచు, మనసు లాగినప్పుడు అయిదు నిమిషాల పని.