టీచరు పిల్లలకు విడిగా మెసేజ్ పెట్టవచ్చా? కర్నూలు స్టూడియోలో చర్చ

సమన్వయకర్త: కర్నూలులో ఒక ప్రైవేటు పాఠశాల, విద్యార్థులకు ఎవరూ విడిగా వాట్సాప్ సందేశాలు పంపకూడదని టీచర్లను ఆదేశించింది. తల్లిదండ్రులు రెండుగా చీలిపోయారు. నా ప్రశ్న ఒక్కటే: రాత్రి 9 దాటాక టీచరుకు పిల్లలతో ఏమి పని?

ఉపాధ్యాయురాలు: మాది కోసిగి వైపు బడి. మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వలస వెళ్తాయి, పిల్లలూ వెంట వెళ్తారు. అక్కడి నుంచి నోటుపుస్తకం ఫొటో పంపితే, తప్పు దగ్గర గుర్తు పెట్టి వాయిస్ మెసేజ్ పంపుతాను. ఆ తప్పును గ్రూపులో అందరి ముందూ...

న్యాయవాది: ఆగండి మేడమ్! 2012 పోక్సో చట్టం, సెక్షన్ 11 చదవండి. లైంగిక ఉద్దేశంతో పిల్లలను ఫోను ద్వారా పదేపదే సంప్రదించినా వేధింపే. మూడేళ్ల వరకు జైలు!

ఉపాధ్యాయురాలు: ఆ ఉద్దేశం ఉంటేనే కదా సార్? చట్టం ప్రతి మెసేజునూ నేరమనలేదు.

న్యాయవాది: ఉద్దేశం మెసేజ్ మీద రాసి ఉంటుందా? 24 గంటల్లో మాయమయ్యే ఏర్పాటు కూడా వాట్సాప్‌లో ఉంది. రేపు సాక్ష్యం ఎక్కడ వెతకాలి? నేను చెప్పేది...

సమన్వయకర్త: అది కూడా రాత్రి 9 తర్వాత!

తండ్రి: అయ్యా, నాదొక మాట. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అది నా జేబులో ఉంటుంది. టీచరు, మా అమ్మాయి, నేను ముగ్గురం ఒక గ్రూపులో ఉంటే...

న్యాయవాది: మీరు చదువుతారు. చదవలేని తల్లిదండ్రుల సంగతి? (తండ్రి ఏదో అంటున్నారు) నన్ను పూర్తి చేయనివ్వండి. విడిగా సందేశాలు వద్దంటే వద్దు!

ఉపాధ్యాయురాలు: తరగతి గ్రూపులో ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తాయి. అది క్షేమమా?

సమన్వయకర్త: 2022లో ఎనిమిదో తరగతికి ప్రభుత్వం ట్యాబులు ఇచ్చింది. అసలు తప్పు అక్కడే మొదలైందేమో?

న్యాయవాది: ట్యాబుల గురించి నన్ను అడగండి, గంట చెబుతాను!

(ట్యాబుల మీద వాదన కొంతసేపు సాగింది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

ఉపాధ్యాయురాలు: మీ 9 గంటల ప్రశ్నకు జవాబు చెప్పనివ్వండి. పొలం పని ముగించి, వంట చేసుకుని తిన్నాక గానీ ఆ ఇంటి ఫోను పిల్లవాడి చేతికి రాదు. తండ్రి పక్కనే కూర్చుని వింటాడు. అది ఆపితే మార్చిలో పరీక్షకు వాడు...

సమన్వయకర్త: సమయం అయిపోతోంది మేడమ్. లాయర్ గారూ, ముగింపుగా మీరు?

న్యాయవాది: మళ్లీ చెబుతున్నాను, సెక్షన్ 11 ఉంది. టీచరుకు మాట్లాడాలని ఉంటే బడి ఉంది, బడి వేళలు ఉన్నాయి.

ఉపాధ్యాయురాలు: బడి కోసిగిలో ఉంది, పిల్లవాడు గుంటూరులో ఉన్నాడు సార్!

న్యాయవాది: అది ప్రభుత్వం చూసుకోవాలి. విడిగా సందేశాలు మాత్రం వద్దు.

సమన్వయకర్త: కనీసం రాత్రి 9 తర్వాత వద్దని అందరూ ఒప్పుకున్నట్టే...

తండ్రి: ఎవరు ఒప్పుకున్నారయ్యా?

సమన్వయకర్త: చర్చలో పాల్గొన్న అందరికీ ధన్యవాదాలు. నమస్కారం.