మక్కల రాశి, సర్వపిండి, చిన్న అగ్నిపర్వతాలు

దృశ్యం: ఉదయపు వెలుతురులో గుట్టల వరుస, కింద వరి పొలాలు. మాట మాత్రమే వినిపిస్తుంది.

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. వరంగల్‌లో ఇళ్లు ఊగాయి, హైదరాబాద్ దాకా తెలిసింది. అరగంటలోపే మా మేనత్త ఫోన్ చేసింది. ఆమెది ములుగు వైపు ఊరు. నేను భూగర్భశాస్త్రం చదివానని, భూమి మీద ఉన్న ఫిర్యాదులన్నీ నాకే చెప్తుంది.

"అల్లుడా, మంచం ఊగింది. ఇగ గుట్టలు గిట్ట పేలుతయా ఏంది?"

"పేలవు అత్తా, టెన్షన్ పడకు" అన్నాను.

"ఎందుకు పేలయి?"

అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. 'మన దగ్గర అగ్నిపర్వతాలు లేవు' అంటే అది జవాబు కాదు. మెక్సికోలో ఒక రైతు పొలంలో కూడా అగ్నిపర్వతం లేదు. 1943 ఫిబ్రవరి 20 సాయంత్రానికి మొలిచింది.

దృశ్యం: పటం మీద మెక్సికో, మిచోకాన్ రాష్ట్రం.

ఆ రైతు పేరు డియోనీసియో పులీదో. మక్క చేను. దుక్కికి సిద్ధం చేసుకుంటుంటే నేల చీలింది, పొగ వచ్చింది, గంధకం వాసన, తర్వాత నిప్పురాళ్లు. ఏడాది తిరిగేసరికి అక్కడ 300 మీటర్లు దాటిన గుట్ట నిలబడింది. పేరు పరీకూతిన్. 1952లో ఆగిపోయింది, అప్పటికి ఎత్తు 424 మీటర్లు. రెండు ఊళ్లు లావా కింద పోయాయి. అందులో ఒక ఊరి చర్చి గోపురం ఇప్పటికీ నల్లటి రాళ్ల మధ్య నుంచి తల బయటపెట్టి ఉంది.

అది మళ్లీ ఎప్పటికీ పేలదు. చిన్న అగ్నిపర్వతాల్లో చాలావాటి స్వభావం ఇదే, ఒక్కసారికే పుడతాయి, అంతటితో సరి. ఫ్యూజీ, ఎట్నా లాంటి పెద్దవి వేల ఏళ్లపాటు ఒకే దారిలో మళ్లీ మళ్లీ ఉమ్ముతాయి. చిన్నవాటికి ఆ అలవాటు లేదు. పరీకూతిన్ చుట్టుపక్కల ఇలాంటి గుట్టలు వెయ్యికి పైగా ఉన్నాయి.

ఒక్క పెద్ద కొండ కాకుండా వెయ్యి చిన్న గుట్టలు ఎందుకు?

దృశ్యం: చెరువు తూము, కాలువలో పారుతున్న నీళ్లు.

మన కాకతీయుల చెరువుల కింద పుట్టిపెరిగిన వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. తూము నుంచి రోజూ నీళ్లు పారే కాలువ తన దారిని తానే కాపాడుకుంటుంది. మూడేళ్లకోసారి నీళ్లొచ్చే కాలువ పూడిపోతుంది. ఈసారి నీళ్లొస్తే గట్టు తెగి ఇంకో దిక్కు పోతాయి. మిషన్ కాకతీయలో పూడిక తీయించారు, కానీ భూమి కింద పూడిక తీసేవాళ్లెవరు? లోపలి నుంచి కరిగిన రాయి, అంటే మాగ్మా, ఆగకుండా వస్తుంటే దారి వేడిగా, తెరుచుకుని ఉంటుంది. అలాంటిచోట పెద్ద అగ్నిపర్వతం తయారవుతుంది. కొంచెం వచ్చి, వేల ఏళ్లు ఆగి, మళ్లీ కొంచెం వస్తే పాత దారి చల్లబడి గట్టి రాయి అయిపోతుంది. కొత్త మాగ్మా కొత్త దారి వెతుక్కోవాలి. ఆ దారి ఎటు దొరుకుతుందో తేల్చేది నేల మీద పడే లాగుడూ నొక్కుడూ. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంది, అవి మెల్లగా కదులుతుంటాయి, ఆ కదలికే టెక్టానిక్స్. దాని పని ఇక్కడ మొదలవుతుంది.

దృశ్యం: వంటిల్లు. స్టీలు పళ్లెంలో సర్వపిండి ముద్ద.

ల్యాబ్ లేదు కాబట్టి ఇది. మా అమ్మ కలిపిన సర్వపిండి, నీళ్లు కాస్త తక్కువ పోయించాను. ముద్దను పలుచగా చేసి కుడి చేత్తో కుడికి, ఎడమ చేత్తో ఎడమకు మెల్లగా లాగుతున్నాను. పగులు ఎటు వచ్చిందో చూడండి. లాగింది అడ్డంగా, పగులు మాత్రం నా వైపు నుంచి అవతలికి నిలువుగా వచ్చింది. ఎప్పుడు చేసినా ఇంతే. లాగిన దిక్కుకు పగులు అడ్డంగానే పడుతుంది.

మాగ్మా బలంతో రాయిని పిండి చేసుకుంటూ పైకి రాదు. ఎక్కడ తక్కువ నొక్కుడు ఉంటే అక్కడ సందు చేసుకుని, గోడలా నిలువుగా లేస్తుంది. ఆ గోడ పేరు డైక్. మందం కొన్ని మీటర్లే ఉంటుంది, పొడవు మాత్రం కిలోమీటర్లు. అది పైకి వచ్చి నేలను తాకినచోట ముందు ఒక పొడవాటి చీలిక తెరుచుకుంటుంది. మొదట చీలిక పొడవునా నిప్పు తెర లేస్తుంది. కొన్ని గంటలకో రోజులకో చాలాచోట్ల చల్లారి, మిగిలిన నాలుగైదు నోళ్ల నుంచే లావా వస్తుంది. ఆ నోళ్ల చుట్టూ గుట్టలు పేరుకుంటాయి. అందుకే చిన్న అగ్నిపర్వతాలు చాలాసార్లు వరుసగా కనిపిస్తాయి. కింద గోడ ఉంది, పైన కనిపించేది దాని ముళ్లే.

దృశ్యం: ఐస్‌లాండ్ పటం, మధ్యలో ఎర్ర గీత.

ఐస్‌లాండ్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అట్లాంటిక్ మధ్య రిడ్జ్, అంటే సముద్రం అడుగున పలకలు విడిపోయే పొడవాటి గట్టు, ఆ దీవి మీదుగా పోతుంది. రెండు పలకలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున అటూ ఇటూ జరుగుతున్నాయి. 1783లో లాకి దగ్గర 27 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. హన్మకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా రోడ్డు మధ్యలో చీలిందనుకోండి, సుమారుగా అంత. ఆ చీలిక మీద దాదాపు 130 గుంతల గుట్టలు పూసల్లా కూర్చున్నాయి. ఆ వరుస దక్షిణ-పడమర నుంచి ఉత్తర-తూర్పుకు పోతుంది, అంటే పలకలు లాగుకుంటున్న దిక్కుకు దాదాపు అడ్డంగా. 2023 డిసెంబర్ నుంచి గ్రిండావిక్ ఊరి పక్కన తెరుచుకుంటున్న చీలికలదీ అదే వాలు.

ఇక ఆకారం. నాకు ఈ వీడియోలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

దృశ్యం: మార్కెట్ యార్డు. హమాలీలు మక్కలు పోస్తున్నారు.

పోయిన సీజన్‌లో యార్డులో తీసిన క్లిప్ ఇది. ఈ అన్న బస్తాను ఒకేచోట నిలబెట్టి, మూతి విప్పి పోస్తున్నాడు. గుండ్రటి రాశి అయ్యింది. ఎంత పోసినా వాలు మారదు, ఎక్కువైన గింజలు జారి కిందికి పోతాయి, రాశి వెడల్పు పెరుగుతుంది. అగ్నిపర్వతం విసిరే గుల్లరాళ్లదీ ఇదే పద్ధతి, కొత్తగా పుట్టిన గుట్టకు వాలు సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. ఇప్పుడు రెండో క్లిప్. బస్తా పక్కన కుట్టు ఊడింది, మూరెడు పొడవున మక్కలు కారుతున్నాయి. గుండ్రటి రాశి కాలేదు. పొడుగ్గా, పడుకున్న ఎద్దు వీపులా వచ్చింది.

"గా కుట్టు ఊడింది తియ్యకు తమ్మీ, సేటు చూస్తే నన్నంటడు" అన్నాడు అన్న. మొహం కనపడకుండా తీశాను.

అగ్నిపర్వత గుట్ట గుండ్రంగా ఉంటే కింద నోరు ఒకటే అనుకోవచ్చు. కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటే కింద చీలిక ఉంది, గుట్ట పొడవు ఎటుంటే చీలిక అటు. పైనున్న గుంత కూడా అదే దిక్కుకు సాగి ఉంటుంది. కొన్నిసార్లు లావా గుట్ట అడుగు నుంచి బయటపడి ఒక పక్క గోడను మోసుకుపోతుంది. అప్పుడు గుట్ట గుర్రపు నాడాలా తెరుచుకుని ఉంటుంది. ఆ తెరిచిన దిక్కు కూడా చాలాసార్లు చీలిక వెంటే ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో ఈ మూడూ కొలిస్తే చాలు, కింద డైక్ ఎటు పోయిందో, నేలను ఎవరు ఎటు లాగారో చెప్పొచ్చు.

అయితే ఒక్క గుట్టను చూసి తీర్పు చెప్పేవాళ్లను నమ్మొద్దు. గాలి ఒకవైపే వీస్తే గుట్ట ఒక పక్కకే ఎక్కువ పేరుకుంటుంది. కొండ వాలు మీద పుడితే గోడ కింది వైపే తెగుతుంది, దాంట్లో పలకల ప్రమేయం ఏమీ లేదు. వంద గుట్టలు కొలిస్తే గాలి, వాలు చేసే అల్లరి తగ్గి అసలు దిక్కు తేలుతుంది. నీళ్లు తగిలితే కథ ఇంకోలా ఉంటుంది. మాగ్మా భూగర్భజలాన్ని తాకితే ఆవిరి పేలి, గుట్టకు బదులు వెడల్పాటి గుంత పడుతుంది. దాన్ని మార్ అంటారు. కామెంట్లలో రాకముందే చెప్తున్నా, మహారాష్ట్రలోని లోణార్ సరస్సు మార్ కాదు. అది ఉల్క పడి ఏర్పడిన గుంత.

లాగినచోట సరే, నొక్కినచోట? మాగ్మాకు పైకి దారి కష్టమవుతుంది, చాలాసార్లు పొరల మధ్య అడ్డంగా పరుచుకుని అక్కడే గడ్డకడుతుంది. అసలు రాదని కాదు. సర్వపిండి ముద్దను రెండు అరచేతుల మధ్య నొక్కండి, పక్కలకు ఉబ్బి, నొక్కిన దిక్కులోనే పగుళ్లు వస్తాయి. జపాన్ శాస్త్రవేత్త కజువాకి నకమురా 1977లో ఈ మాటే రాశాడు. పెద్ద అగ్నిపర్వతాల పక్కల్లో పుట్టే చిన్న నోళ్ల వరుసలు, పలకలు ఒకదాన్నొకటి నెట్టుకునే దిక్కును చూపిస్తాయని అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల ఉదాహరణలతో చెప్పాడు. అంటే అగ్నిపర్వతాలను దిక్సూచిలా వాడాడు.

జపాన్ దగ్గరే ఇంకో వింత ఉంది. దేశానికి తూర్పున సముద్రం అడుగున, 13 కోట్ల ఏళ్ల పాత పలక మీద, ఏ అంచుకూ సంబంధం లేనట్టు చిన్న చిన్న అగ్నిపర్వతాలు కనిపించాయి. 2006లో నవోతో హిరానో బృందం వీటిని లోకానికి చెప్పింది. వీటి పేరు పెటిట్ స్పాట్. పలక జపాన్ కిందికి దూరబోయే ముందు తాటిమట్టలా వంగుతుంది. వంగినప్పుడు అడుగు భాగం సాగి పగుళ్లిస్తుంది. అక్కడ అప్పటికే కొద్దికొద్దిగా ఉన్న కరిగిన రాయి, పిండినట్టు పైకి వస్తుంది. కొత్తగా వేడి ఏదీ అక్కర్లేదు, వంపు చాలు.

దృశ్యం: ఎర్రటి చెలక, మధ్యలో నల్ల గుండ్లు వరుసగా.

ఇప్పుడు మన దగ్గరికి. వరంగల్ చుట్టుపక్కల గుట్టలు గ్రానైటువి, సుమారు 250 కోట్ల ఏళ్లవి. ఈ లేత రంగు రాళ్ల మధ్య నుంచి నల్లటి గీతలు పోతుంటాయి. ఊళ్లో నల్లరాయి అంటారు, క్వారీ వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్. నిజానికి అది గ్రానైటే కాదు, డోలరైట్, గడ్డకట్టిన మాగ్మా రాయి. ఆ నల్ల గీతలే ఇందాక చెప్పిన గోడలు, డైకులు. మన నేల కూడా కలిసిన ధార్వాడ్ అనే పాత భూభాగంలోని ఈ డైకుల్లో ఎక్కువ భాగం 180 నుంచి 240 కోట్ల ఏళ్ల నాటివి. పైన ఉన్న నేల కిలోమీటర్ల మేర అరిగిపోయింది కాబట్టి, ఐస్‌లాండ్‌లో వాళ్లు పై నుంచి చూసేదాన్ని మనం పునాదుల్లో నిలబడి చూస్తున్నాం. రామప్ప గుడిలో 1213 నుంచి నిలబడి ఉన్న మదనికలను చెక్కింది ఈ రాతిలోనే. అద్దంలా మెరిసే ఆ నునుపు ఒకప్పటి మాగ్మాది.

తూర్పు-పడమరగా పోయే డైక్ ఉందంటే, అది పుట్టినప్పుడు నేల ఉత్తర-దక్షిణంగా సాగిందన్నమాట. కాకపోతే ఈ దిక్కులు అప్పటివి కావు, తర్వాత ఖండమే ఎంతో తిరిగింది.

ఉత్తరాన ఆదిలాబాద్, నిర్మల్ వైపు వెళ్తే వేరే లావా. 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ ట్రాప్స్. అక్కడ గుట్టలు పేరుకునేంత తీరిక లేదు, వరదలా పారి పొరల మీద పొరలు పరుచుకుంది. పత్తి పండే నల్లరేగడి ఆ రాయి అరిగి తయారైందే. అదే కాలపు చిన్న అగ్నిపర్వతాల మొండేలు చూడాలంటే గుజరాత్‌లో కచ్ వెళ్లాలి, భుజ్ చుట్టూ ఉన్నాయి.

దృశ్యం: గోదావరి లోయ పటం, వాయువ్యం నుంచి ఆగ్నేయానికి.

మా అత్త ప్రశ్నకు అసలు జవాబు మాత్రం గోదావరి దగ్గర ఉంది. మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, కొత్తగూడెం, మన సింగరేణి బొగ్గు గనులన్నీ ఒకే పట్టీ మీద ఎందుకున్నాయి? అక్కడ నేల ఒకప్పుడు ఈశాన్యానికీ నైరుతికీ లాగుకుని, మధ్యలో కుంగింది. ఆ పల్లంలో ఇసుక నిండింది, అడవులు కూరుకుపోయి బొగ్గయ్యాయి. ఇంత చక్కటి చీలిక లోయ ఉంది కదా, ఐస్‌లాండ్‌లా అగ్నిపర్వతాల వరుస రావాలి. రాలేదు. బొగ్గు దొరికింది. ఎందుకంటే పగులు ఉంటే సరిపోదు, కింద రాయి కరిగి ఉండాలి. ఇది మర్చిపోయి ప్రతి ఫాల్ట్ మీదా, అంటే నేలలోని ప్రతి పగులు మీదా, అగ్నిపర్వతం కలగనే వీడియోలు భూకంపం వచ్చిన వారమంతా నా ఫోన్‌లో తిరిగాయి.

ములుగులో కదిలింది ఈ పాత పట్టీయే. 1969లో భద్రాచలం దగ్గర కూడా 5.7 తీవ్రతతో కదిలింది. కానీ ఇప్పుడు మన నేల సాగడం లేదు. భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరిగి హిమాలయాలకు ఒత్తుకుంటోంది. ఆ నొక్కుడుకు పాత పగులు అప్పుడప్పుడు జారుతుంది, మంచం ఊగుతుంది. కింద మాగ్మా లేదు, ఉన్నా పైకి తెరిచే లాగుడు లేదు.

ఇదంతా వీడియో తీయకముందు అత్తకే వినిపించాను. శ్రద్ధగా విన్నది. మధ్యలో డైకుల గురించి ఒక మాట చెప్పాను, అవి భూమి లోపల గోడల్లా ఉంటాయి కాబట్టి వాలు మీద వచ్చే భూగర్భజలాన్ని చాలాచోట్ల అడ్డుకుంటాయి, ఎగువ పక్కన నీళ్లు నిలుస్తాయి అని. అక్కడ ఆపింది.

"అయితే మన చెలకల ఉన్న నల్లగుండ్ల వరుస గదేనా?"

"అదే అయ్యుంటది అత్తా."

"మరి పోయినేడు మీ మామ బోరు దానికి కింది దిక్కు ఏపిచ్చిండు గదరా!"

ఫోన్ పక్కనే మామ దగ్గు వినిపించింది.