గంటకు 83 డాలర్ల పని 36కి ఎలా దిగుతుంది

సభకు నమస్కారం. శనివారం సాయంత్రం బెంగళూరులో సిల్క్ బోర్డ్ కూడలి దాటుకొని ఇంతమంది వచ్చారంటే, అమెరికా సాఫ్ట్‌వేర్ పని మన దగ్గరికి తరలిరావడమనే ఈ విషయం అందరికీ ఎక్కడో ఒకచోట తగిలిందనే అర్థం.

మీలో చాలామంది అనంతపురం, కడప, నెల్లూరు వైపు నుంచి వచ్చి మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో స్థిరపడినవాళ్లు. మీ నెల జీతం వెనక ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఉన్న ఒక ప్రోగ్రామర్ జీతం లెక్క ఉంది. దాని గురించి అక్కడ "ఇండియావాళ్లు మా ఉద్యోగాలు లాక్కున్నారు" అంటారు, ఇక్కడ "వాళ్లకు మనంత పని చేతకాదు" అంటారు. రెండూ కాలక్షేపం మాటలే. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. నేను తీసుకునే అంకెలు ఉదాహరణకే. మీ ప్రాజెక్టు రేట్ కార్డు, అంటే మనిషికి గంటకు ఎంతో రాసిన ధరల పట్టిక, పెట్టుకున్నా పద్ధతి మారదు.

అక్కడ ఏడాదికి 1,20,000 డాలర్ల జీతం ఉన్న ప్రోగ్రామర్‌ను తీసుకోండి. ఆరోగ్య బీమా, రిటైర్మెంట్ వాటా, పేరోల్ పన్నులు కలిపి ఇంకో 30 శాతం. మొత్తం 1,56,000. ఏడాదికి 2,080 పనిగంటలు, అందులో 25 రోజుల సెలవులు తీసేస్తే 1,880. అంటే గంటకు 83 డాలర్లు పడుతోంది. ఇప్పుడు ఆ పనిని కాంట్రాక్టుకు తీసుకునే సర్వీసెస్ కంపెనీ, అంటే వెండర్, వచ్చి ఆన్‌సైట్ మనిషికి (అక్కడే కూర్చునేవాడికి) గంటకు 80, ఆఫ్‌షోర్ మనిషికి (ఇక్కడ కూర్చునేవాడికి) 25 అంటుంది. బృందంలో 20 శాతం అక్కడ, 80 శాతం ఇక్కడ. ఆన్‌సైట్ వాటా 16, ఆఫ్‌షోర్ వాటా 20, కలిపితే బ్లెండెడ్ రేటు, అంటే సగటు రేటు, 36. సేల్స్ స్లైడులో 83 పక్కన 36 వేసి, 57 శాతం ఆదా అని ఆకుపచ్చ బాణం గీస్తారు.

ఆ బాణం ఎందుకు అబద్ధమో చూడండి. 20 మంది బృందానికి పాత ఖర్చు 31.2 లక్షల డాలర్లు. అదే పనికి వెండర్ వైపు 20 మంది సరిపోరు. ఫ్రెషర్లు ఉంటారు, రెండు ఊళ్ల మధ్య సమన్వయానికి మనుషులు కావాలి. 25 మంది అనుకుందాం: 16.92 లక్షలు. కంపెనీ తనవాళ్లు ముగ్గురినైనా ఉంచుకోకపోతే వెండర్ ఇచ్చింది సరైనదో కాదో చెప్పేవాడే ఉండడు. అది 4.68 లక్షలు. మొత్తం 21.6. అసలు ఆదా 57 శాతం కాదు, 31. అది కూడా రెండో ఏడాది నుంచి. మొదటి ఏడాది పని అప్పగించే నాలుగు నెలలూ వెళ్లిపోయే 17 మందికి జీతం నడుస్తుంది, 8.84 లక్షలు. పోయేటప్పుడు తలా రెండు నెలల జీతం పరిహారం, 3.4 లక్షలు. మొదటి ఏడాది ఖర్చు 33.84 లక్షలకు తేలుతుంది, అంటే పాతదానికంటే ఎక్కువ. నిర్ణయం తీసుకున్న వైస్ ప్రెసిడెంట్‌కు బోనస్ మాత్రం స్లైడులోని 57 మీదే వస్తుంది, అది వేరే కథ.

ఇక ఆ నాలుగు నెలల్లో జరిగేది. మనం ముద్దుగా కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పాతవాళ్లు కొత్తవాళ్లకు పని నేర్పడం) అని పిలుచుకునేది అందులో ఒక భాగం మాత్రమే. రెండు వారాలు అప్లికేషన్ల జాబితా, ఆరు వారాలు కేటీ, నాలుగు వారాలు వాళ్లు చేస్తుంటే మనం చూడటం, ఆఖరి నాలుగు వారాలు మనం చేస్తుంటే వాళ్లు చూడటం. కాగితం మీద పద్ధతి బాగానే ఉంది. కానీ పదహారు వారాల్లో త్రైమాసికం ముగింపు ఒకసారో, మహా అయితే రెండుసార్లో వస్తుంది. ఏడాది ముగింపు రాకపోవచ్చు. జనవరిలో మాత్రమే నడిచే పన్ను పట్టికల బ్యాచ్ జాబ్‌ను (వేళకు దానంతటదే నడిచే ప్రోగ్రామ్‌ను) ఎవరూ చూడకుండానే సంతకాలు అయిపోతాయి. ఇంకో రకం తప్పు ఇంతకంటే సాధారణం: పదేళ్ల కింద ఎవరో రాత్రిపూట నడిచే జాబ్‌ను ఏ మనిషి పేరా లేని సర్వీస్ ఖాతా మీద కాకుండా తన సొంత లాగిన్ మీద పెట్టి ఉంటారు. ఆయన ఆఖరి పనిదినం సాయంత్రం హెచ్ఆర్ ఆ లాగిన్ మూసేస్తుంది. రాత్రి రెండింటికి జాబ్ పడిపోతుంది. కారణం ఏ డాక్యుమెంట్లోనూ ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు, జాబ్‌లను వేళకు నడిపే షెడ్యూలర్‌లో ప్రతి జాబ్ ఎవరి పేరు మీద నడుస్తోందో వరసగా తీసి చూడాలి.

కేటీ ఇచ్చేది ఎవరు? ఉద్యోగం పోతున్నవాడు. 2015లో ఫ్లోరిడాలో డిస్నీ సుమారు 250 మంది టెక్నాలజీ ఉద్యోగులను తీసేసినప్పుడు, తమ స్థానంలోకి వచ్చేవాళ్లకు వాళ్లే పని నేర్పాల్సి వచ్చిందని పత్రికల్లో వచ్చి పెద్ద గొడవయింది. అలాంటి మనిషి అడిగినదానికి జవాబు చెబుతాడు, అడగనిది చెప్పడు. తప్పు పట్టలేం. కాబట్టి స్లైడులు, వీడియో రికార్డింగులు పోగేసుకోవడం దండగ. వాటిని ఎవరూ మళ్లీ చూడరు. గత రెండేళ్ల పీ1 టికెట్లన్నీ (అత్యవసర సమస్యల ఫిర్యాదులు) తీసుకొని, ఒక్కోటి మీరే మళ్లీ పరిష్కరించి ఆయనకు చూపించండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ అడగాల్సిన ప్రశ్న దొరుకుతుంది.

గడియారం సంగతి మీకు చెప్పక్కర్లేదు గానీ, దాని ఫలితం చెప్పాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియా అయితే రాత్రి 9:30, 10:30. స్పెక్‌లో, అంటే ఏం చేయాలో రాసిచ్చిన కాగితంలో, ఒక సందేహం వస్తే జవాబుకు ఒక రోజు. నాలుగు సందేహాలున్న పని, చేయడానికి రెండు గంటలే పట్టినా, వారం తింటుంది. దీంతో ఎలాంటి పని సముద్రం దాటి ఇటు వస్తుంది, ఎలాంటిది దాటదు అన్నది దానంతటదే తేలిపోతుంది: ముందుగా పూర్తిగా రాసివ్వగలిగిన పని దాటుతుంది. బగ్ ఫిక్సులు, టెస్టింగ్, రిపోర్టు స్క్రీన్లు, బ్యాచ్ మానిటరింగ్. పక్క సీటు వైపు తిరిగి అడిగితే తప్ప తేలని పని దాటదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. రాసివ్వగలిగిన ఆ పనులన్నీ కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు నేర్చుకునే పనులు. అక్కడ పోయింది ఉద్యోగాల మొత్తం కాదు, నిచ్చెన కింది మెట్టు. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 'కంప్యూటర్ ప్రోగ్రామర్లు', 'సాఫ్ట్‌వేర్ డెవలపర్లు' అని వేరువేరుగా లెక్కిస్తుంది. మొదటివాళ్లు 2000లో ఐదు లక్షలకు పైగా ఉండేవాళ్లు, 2023 నాటికి లక్షన్నర కూడా లేరు. రెండోవాళ్లు, టెస్టర్లతో కలిపి, 2023లో దాదాపు 19 లక్షలు. ఆ తగ్గుదల అంతా బెంగళూరు ఖాతాలో వేయకండి. హోదాల పేర్లు మారాయి, వర్గీకరణ మారింది, పనిముట్లు మారాయి. జోస్యాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 2002లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ 2015 నాటికి అమెరికాలో 33 లక్షల సేవారంగ ఉద్యోగాలు పోతాయంది. తర్వాత ఆర్థికవేత్త అలన్ బ్లైండర్ 22 నుంచి 29 శాతం ఉద్యోగాలు 'దాటించడానికి వీలున్నవి' అన్నాడు. పత్రికలు వీలున్నవాటిని పోయినవిగా రాసుకున్నాయి.

పోయినవాళ్లకు అక్కడ ఏం దక్కింది? 1974 వాణిజ్య చట్టం కింద, దిగుమతుల వల్ల పని పోయినవాళ్లకు శిక్షణ, భత్యం ఇచ్చే పథకం ఒకటి ఉంది. ప్రోగ్రామర్లు దరఖాస్తు పెడితే కార్మిక శాఖ మొదట్లో తోసిపుచ్చింది. సీడీ మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ వస్తువు, నెట్‌వర్క్ మీద వచ్చింది కాదు అని వాదన! కోర్టు కేసుల తర్వాత 2006లో ఆ వైఖరి మార్చుకుంది, 2009లో సేవారంగాన్నీ చేర్చారు. 2022 జూలై 1 నుంచి కొత్త దరఖాస్తులకు అనుమతులివ్వడమే ఆగిపోయింది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే హెచ్-1బి వీసా ఫీజు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు అన్నారు. మన లెక్కలోనే వేద్దాం. మొదటి వీసా మూడేళ్లు. ఏడాదికి 33,333, గంటకు దాదాపు 18 డాలర్లు. ఆన్‌సైట్ రేటు 80 నుంచి 98కి వెళ్తుంది, బ్లెండెడ్ రేటు 36 నుంచి 39.6కి. కంపెనీ ఊరుకుంటుందా? ఆన్‌సైట్ వాటాను 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తుంది. అప్పుడు 9.8, 22.5 కలిపి 32.3. ఫీజు లేనప్పటికంటే చవక! అక్కడి ఉద్యోగాలు కాపాడాలని పెట్టిన ఫీజు పనిని ఇటే నెడుతుంది. అదే నెలలో సెనేట్‌లో ప్రతిపాదించిన బిల్లు, అవుట్‌సోర్సింగ్ చెల్లింపుల మీద 25 శాతం పన్ను, అలా కాదు. అది 16.92 లక్షల మీద 4.23 లక్షలు తినేస్తుంది, ఆదా 31 నుంచి 17 శాతానికి పడుతుంది. భయపడాల్సింది వీసాకు కాదు, ఇలాంటిదానికి.

ఎవరూ మాట్లాడని మూడోది పన్ను చట్టం 174వ సెక్షన్. 2022 నుంచి అమెరికా కంపెనీలు సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఖర్చును పన్ను పడే ఆదాయంలోంచి ఒకేసారి తీసేసుకోకుండా స్వదేశంలో అయితే 5 ఏళ్లకు, విదేశంలో అయితే 15 ఏళ్లకు పరచాల్సి వచ్చింది. 2025 జూలైలో స్వదేశీ ఖర్చుకు పాత సౌకర్యం తిరిగిచ్చారు, విదేశీ ఖర్చును 15 ఏళ్ల దగ్గరే ఉంచారు. పది లక్షల డాలర్లు అక్కడ ఖర్చు పెడితే 21 శాతం చొప్పున ఆ ఏడాదే 2,10,000 పన్ను తగ్గుతుంది. అదే ఇక్కడ పెడితే ఏడాదికి పదిహేనో వంతు, మొదటి ఏడాది అందులోనూ సగం లెక్కన 33,333 మీదే, అంటే 7,000. డబ్బు పోదు, ఆలస్యంగా వస్తుంది. చేతిలో నగదు తక్కువున్న చిన్న కంపెనీకి అదే ఊపిరాడనివ్వదు. విడుదలైన సాఫ్ట్‌వేర్‌కు చేసే మామూలు మెయింటెనెన్స్ ఈ లెక్కలోకి రాదు. అంటే కొత్త పనిని అటు లాగుతూ, పాత పనిని ఇటే వదిలేసే చట్టం ఇది.

మన ఊరి సంగతికి వస్తే, 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ శాటిలైట్ లింకుతో ఇక్కడ మొదలుపెట్టిన నమూనాయే, అంటే సొంత పేరోల్ మీద సొంత మనుషులు, ఇప్పుడు జీసీసీ (విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకునే సొంత కేంద్రం, గ్లోబల్ కేపబిలిటీ సెంటర్) పేరుతో పెద్దదయింది. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ 2024 లెక్క ప్రకారం దేశంలో 1,700కు పైగా కేంద్రాలు, 19 లక్షల మంది. వెండర్ లాభం మధ్యలో లేదు కాబట్టి డిజైన్ పని కూడా వస్తోంది, అమెరికాలో పై మెట్లు కూడా కదులుతున్నాయి. మరోవైపు సర్వీసెస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని, ఎక్కువగా మధ్య, పై స్థాయివాళ్లను తగ్గిస్తామంది. అదే ఏడాది విశాఖలో 99 పైసలకు 21 ఎకరాలూ తీసుకుంది, ఇక్కడి పని ఎటు దిగుతుందో చూసుకోండి. రాసివ్వగలిగిన పని ఇప్పుడు ఇక్కడి కుర్రాళ్ల దగ్గర్నుంచి కూడా ఏఐ వైపు జారుతోంది. కింది మెట్టు రెండోసారి, ఈసారి మన వైపు.

కాబట్టి జీసీసీ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు జీతంతోపాటు కొన్ని విషయాలు కూడా అడగండి. ఈ ప్రొడక్ట్ రోడ్‌మ్యాప్ మీద నిర్ణయం తీసుకునే మనిషి ఈ బిల్డింగులో కూర్చుంటాడా? ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్‌కు (కొత్త కోడ్‌ను అసలు వాడకంలోకి పెట్టడానికి) ఆమోదం ఇక్కడి నుంచి ఇస్తారా, లేక రాత్రి పదింటి కాల్‌లో అడగాలా? నా బృందంలో మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లకు కోడ్ రివ్యూ చేసేది ఎవరు? మూడోదానికి జవాబు "ఎవరూ లేరు, అందరూ సీనియర్లే" అని వస్తే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టినా, 90 రోజుల నోటీసు పీరియడ్‌లో మిగతా ఇంటర్వ్యూలు ఆపకండి.