కొట్లాటలో పుట్టిన అవార్డు

తమ్ముడు: నమస్కారం అండీ. చిన్నప్పుడు చందమామ ఇంటికి రాగానే ఎవరు ముందు చదవాలని కొట్టుకున్న అక్కాతమ్ముళ్ళం, ఇప్పుడు ఎదురెదురుగా మైకులు పెట్టుకుని కూర్చున్నాం.

అక్క: నువ్వు తిన్నగా భేతాళ కథకి వెళ్ళిపోయేవాడివి. నేను అట్ట మీద మూలన 'వపా' అనే రెండక్షరాలు వెతికేదాన్ని. అది వడ్డాది పాపయ్య గారి సంతకమని చాలా రోజులకి గానీ తెలీలేదు. తెలిశాక ఆ బొమ్మలు చూసే పద్ధతే మారిపోయింది నాకు.

తమ్ముడు: ఇవాళ్టి సంగతి కూడా అలాంటి పేర్ల గురించేలే అక్కా. అమెరికాలో కామిక్స్ రాసేవాళ్ళకీ, బొమ్మలు వేసేవాళ్ళకీ ఇచ్చే ఐస్నర్ అవార్డు. ఏటా శాన్ డియేగోలో జరిగే కామిక్ కాన్ అనే పెద్ద కామిక్స్ జాతరలో, శుక్రవారం రాత్రి ఇస్తారు. కామిక్స్ వాళ్ళ ఆస్కార్ అంటారు.

అక్క: అసలు మొదట్లో ఆ పేరు లేదటగా?

తమ్ముడు: లేదు. 1985లో మొదలైనప్పుడు దాని పేరు కిర్బీ అవార్డు. జాక్ కిర్బీ అంటే కెప్టెన్ అమెరికాని జో సైమన్‌తో కలిసి, ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, ఎక్స్‌మెన్‌లని స్టాన్ లీతో కలిసి సృష్టించినాయన. ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ అప్పట్లో 'అమేజింగ్ హీరోస్' అనే పత్రిక నడిపేది. అవార్డు ఆ పత్రిక తరఫున ఇచ్చేవాళ్ళు. పనంతా చూసుకున్నది ఆ సంస్థలో పనిచేసే డేవ్ ఓల్‌బ్రిచ్.

అక్క: అంతకుముందు ఇలాంటివి లేవా?

తమ్ముడు: ఉన్నాయి, నిలబడలేదు. 1960ల్లో అభిమానులే పెట్టుకున్న ఆలీ అవార్డులు, 1970ల మొదట్లో పరిశ్రమవాళ్ళు ఇచ్చుకున్న షజామ్ అవార్డులు. రెండూ కొన్నేళ్ళకే ఆగిపోయాయి. కిర్బీ అవార్డు మూడేళ్ళు నడిచింది. అంతలో గొడవ. ఈ అవార్డు నాది అని ఓల్‌బ్రిచ్, కాదు మాది అని ఫాంటాగ్రాఫిక్స్.

అక్క: నాకు ఇక్కడే మనసు ఆగిపోతుంది. అవార్డు ఎవరిదని వీళ్ళు వాదించుకుంటున్న ఆ రోజుల్లోనే కిర్బీ గారు తన బొమ్మలు తనకి ఇవ్వమని మార్వెల్ అనే కామిక్స్ కంపెనీతో పోరాడుతున్నారు కదా!

తమ్ముడు: అవును. మిగతా ఆర్టిస్టులకి ఒరిజినల్ పేజీలు తిరిగివ్వడానికి ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయనకి మాత్రం నాలుగు పేజీల పత్రం పంపారు. ఆయన ఒప్పుకోలేదు. తోటి కళాకారులు ఆయన వైపు నిలబడ్డారు. చివరికి 1987లో కొన్ని పేజీలు తిరిగొచ్చాయి, సుమారు 1,900. ఆయన వేసినవాటిలో అది చిన్న భాగమే. వేల పేజీలు వేసిన మనిషి ఆయన.

అక్క: పైగా అవార్డుకి పెట్టుకున్నది ఆయన పేరే.

తమ్ముడు: ఆ 1987లోనే అవార్డు గొడవకీ రాజీ కుదిరింది. కిర్బీ పేరు ఇద్దరూ వదిలేయాలి. ఓల్‌బ్రిచ్ విల్ ఐస్నర్ పేరుతో ఒకటి, ఫాంటాగ్రాఫిక్స్ హార్వీ కర్ట్‌జ్‌మన్ పేరుతో ఇంకొకటి మొదలుపెట్టుకోవాలి. 1952లో మ్యాడ్ అనే హాస్య పత్రిక మొదలుపెట్టిన కర్ట్‌జ్‌మన్. 1988లో రెండూ మొదలయ్యాయి. అలా ఒక కొట్లాట నుంచి రెండు అవార్డులు వచ్చాయి.

అక్క: హార్వీ సంగతి తర్వాత ఎప్పుడైనా. ముందు ఐస్నర్ ఎవరో చెప్పు. ఆయన పేరు ఎంచుకోవడం నాకు చాలా నచ్చింది.

తమ్ముడు: 1938లో సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు సూపర్‌మ్యాన్ హక్కులని 130 డాలర్లకి అమ్మేసుకున్నారు. ఆ కాలంలో అందరి పరిస్థితీ అదే. పేజీకి ఇంత అని చేతిలో పెడితే బొమ్మ వాళ్ళదైపోయేది. ఆ మరుసటి ఏడాది, 22 ఏళ్ళ ఐస్నర్ దగ్గరికి ఒక పని వచ్చింది. ఆదివారం పేపర్లతో పాటు 16 పేజీల కామిక్ పుస్తకం ఇవ్వాలి. చేస్తాను, కానీ పాత్ర హక్కు నాదే అని ఒప్పందంలో రాయించుకున్నాడు. 1940లో వచ్చిన ఆ బొమ్మల కథే 'ది స్పిరిట్'. 1952 దాకా నడిచింది.

అక్క: 22 ఏళ్ళకి ఆ తెలివి, ఆ ధైర్యం! తన పని విలువ తనకి తెలుసు. తర్వాత 1978లో, 61 ఏళ్ళ వయసులో 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' తెచ్చాడు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఇరుకు వాటాల్లో బతికే పేద యూదు కుటుంబాల కథలు. అది చదివినప్పుడు ఆ మెట్లూ, ఆ వానా నాకు రోజుల తరబడి కళ్ళముందే ఉన్నాయి.

తమ్ముడు: ఐస్నర్ అవార్డు మొదటి ఏడాది ఎవరికొచ్చిందో ఊహించు.

అక్క: వాచ్‌మెన్‌కేగా!

తమ్ముడు: అవును. అది రాసిన అలన్ మూర్, బొమ్మలు వేసిన డేవ్ గిబ్బన్స్ ఇద్దరూ ఎక్కువ పట్టుకెళ్ళారు. నాకు ఇంకా సంతోషమనిపించేది పాల్ చాడ్విక్ 'కాంక్రీట్'. బ్లాక్ అండ్ వైట్‌లో, చిన్న సంస్థ నుంచి వచ్చిన నెమ్మదైన కథ. ఉత్తమ ధారావాహిక దానికే ఇచ్చారు. పెద్ద కంపెనీల సూపర్‌హీరోల మధ్యలోంచి దాన్ని చూశారంటే, చూసే కళ్ళు ఉన్నాయన్నమాట.

అక్క: ఎంపిక ఎలా చేస్తారు?

తమ్ముడు: జడ్జీలు ఏటా మారుతుంటారు. వాళ్ళు కూర్చుని చదివి నామినేషన్లు ఇస్తారు. తర్వాత రచయితలు, ఆర్టిస్టులు, ఎడిటర్లు, కామిక్ షాపుల వాళ్ళు ఓటేస్తారు. 1990లో బ్యాలట్లు కలగాపులగమై ఆ ఏడాది అవార్డులే ఇవ్వలేదు. ఓల్‌బ్రిచ్ తప్పుకున్నాక ఆ బాధ్యత జాకీ ఎస్ట్రాడా అందుకున్నారు. ఆగిపోయేదాన్ని మూడు దశాబ్దాలకి పైగా నిలబెట్టింది ఆవిడే.

అక్క: ఆవిడ గురించి ఇంకా చెప్పుకోవాలి ఎవరైనా. అవార్డు గెలిచినవాళ్ళని తలుచుకుంటాం, ఏటా కుర్చీలు వేయించేవాళ్ళని తలుచుకోం. ఇంకో సంగతి, పుస్తకంలో అక్షరాలు రాసే లెటరర్‌కి కూడా అవార్డు ఉంది. టాడ్ క్లైన్ అనే ఆయన పదిసార్లకు పైగా గెలిచారు. రంగులు వేసేవాళ్ళకీ ఉంది, మంచి కామిక్ షాపుకీ ఉంది.

తమ్ముడు: ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఆలస్యమైంది అక్కా. ఉత్తమ రచయిత అవార్డు ఒక మహిళకి మొదటిసారి వచ్చింది 2018లో, 'మాన్‌స్ట్రెస్' రాసిన మార్జరీ లియుకి.

అక్క: అంటే 30 ఏళ్ళు. అన్నేళ్ళు రాస్తున్న ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. బాధగానే ఉంటుంది నాకు.

తమ్ముడు: ఐస్నర్ గారు బతికున్నన్నాళ్ళూ ఆ వేదిక మీద తనే నిలబడి, గెలిచిన ప్రతి ఒక్కరినీ అభినందించేవారు. తొలి పుస్తకం వేసిన కుర్రాడికి కూడా ఆయన చేయి అందేది. 2002లో 'ది నేమ్ ఆఫ్ ది గేమ్' అనే పుస్తకానికి తన పేరున్న అవార్డు తనే గెలుచుకున్నారు, 85 ఏళ్ళ వయసులో. అప్పటికీ ఇంకా బొమ్మలు వేస్తూనే ఉన్నారు. 2005 జనవరి 3న పోయారు.

అక్క: ఆ ఏడాదే కదా బిల్ ఫింగర్ పేరుతో ఇంకో అవార్డు మొదలైంది?

తమ్ముడు: అవును, అదే వేదిక మీద. బ్యాట్‌మ్యాన్ బొమ్మలు వేసిన జెర్రీ రాబిన్సన్ పూనుకుని పెట్టించారు. 1939లో బ్యాట్‌మ్యాన్‌ని తీర్చిదిద్దింది బాబ్ కేన్‌తో పాటు బిల్ ఫింగర్ కూడా. పుస్తకాల మీద కేన్ పేరొక్కటే పడేది. ఫింగర్ 1974లో పోయారు. ఆయన పేరు అధికారికంగా చేర్చడానికి 2015 దాకా పట్టింది. అందుకే తగిన గుర్తింపు దక్కని రచయితలకి ఈ అవార్డు. మొదటి ఏడాది జెర్రీ సీగెల్‌కీ, ఆర్నల్డ్ డ్రేక్‌కీ ఇచ్చారు.

అక్క: సీగెల్ అంటే, ఆ 130 డాలర్ల కుర్రాడు?

తమ్ముడు: ఆయనే. అప్పటికి ఆయన లేరు.

అక్క: (కాసేపు ఆగి) మనవాళ్ళ సంగతి చెప్పు ఇప్పుడు.

తమ్ముడు: 2021. ముంబయి ఆర్టిస్ట్ ఆనంద్ ఆర్‌కే, జాన్ పియర్సన్‌తో కలిసి 'బ్లూ ఇన్ గ్రీన్'కి ఉత్తమ చిత్రకారుడి అవార్డు గెలిచారు. ఒక జాజ్ వాద్యకారుడి కథ. రాసింది రామ్ వి. కోవిడ్ వల్ల ఆ ఏడాది వేడుక ఆన్‌లైన్లోనే జరిగింది. నేను ఇంట్లో కూర్చుని చూసి గట్టిగా అరిచాను, అమ్మ కంగారుపడి పరిగెత్తుకొచ్చింది.

అక్క: రామ్ వి, ఆనంద్‌లదే ఇంకొకటి ఉందిగా, ముంబయి పిల్లల కథ?

తమ్ముడు: 'గ్రాఫిటీస్ వాల్'. తెచ్చాను, ఇదిగో.

అక్క: ఇటివ్వు. ముందు పేర్లు చదవనీ. కథ రామ్ వి, బొమ్మలు ఆనంద్ ఆర్‌కే, అక్షరాలు ఆదిత్య బిడికర్... ఆ, ఇప్పుడు తిప్పు పేజీ.