ఎలుక ఎందుకు ఊరుకుంది? మార్గరెట్ క్రిప్కీ పరిశోధన

అందరికీ నమస్కారం. ఎండ మన రోగనిరోధక శక్తిని ఏం చేస్తుందన్న ప్రశ్న మీదే ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ ఇమ్యునాలజిస్ట్ (రోగనిరోధక శాస్త్రవేత్త) మార్గరెట్ క్రిప్కీ గురించి ఈరోజు చెబుతాను.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ క్యాన్సర్ తెస్తాయని 1970ల నాటికే తెలుసు. కిరణం కణాన్ని పాడుచేస్తుంది, గడ్డ పుడుతుంది. అంతే అనుకునేవారు. క్రిప్కీ ఆ గడ్డల్ని తీసి, జన్యుపరంగా ఒకేలా ఉండే ఆరోగ్యమైన ఎలుకల్లో పెట్టి చూశారు. చాలా గడ్డలు బతకలేదు. కొత్త ఎలుకల రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా గుర్తుపట్టి తిప్పికొట్టింది. 1974లో ఈ ఫలితం అచ్చయింది.

మరి గడ్డ మొదట పుట్టిన ఎలుకలో అది ఎలా పెరిగింది? ఆ ఎలుక ఎందుకు ఊరుకుంది? నాకు ఆవిడ మీద ఇంత గౌరవం ఈ ప్రశ్న వల్లే. అందరూ గడ్డను చూస్తుంటే ఆవిడ ఎలుకను చూశారు.

తర్వాత సహ పరిశోధకుడు మైకేల్ ఫిషర్‌తో కలిసి, క్యాన్సర్ రావడానికి సరిపోనంత కొద్దికాలమే ఎలుకల మీద కిరణాలు పడనిచ్చారు. అవి కూడా తమలో పెట్టిన గడ్డను తిప్పికొట్టలేకపోయాయి. వాటి లింఫ్ కణాలను మరో ఎలుకకు ఎక్కిస్తే దానికీ అదే గతి! అంటే రోగనిరోధక వ్యవస్థ ఊరికే నీరసపడలేదు, దాన్ని ఆపే కణాలు తయారయ్యాయి. అప్పట్లో వాటిని సప్రెసర్ టి కణాలు, అంటే అణచివేసే రోగనిరోధక కణాలు అన్నారు. మధ్యలో ఆ మాటనే చాలామంది నమ్మడం మానేశారు. 1990ల్లో రెగ్యులేటరీ టి కణాల రూపంలో ఆ ఆలోచన మళ్లీ నిలబడింది.

ఈ కిరణాలు చర్మం దాటి లోపలికి పోవు. మరి ఒళ్లంతటికీ కబురెలా చేరింది? చర్మం పై పొరలోని యూరోకానిక్ ఆమ్లం అనే రసాయనం వెలుతురుకు రూపం మార్చుకోవడం ఒక దారి అని 1983లో డీఫాబో, నూనన్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. అదే ఏడాది క్రిప్కీ హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌కు వెళ్లి ఇమ్యునాలజీ విభాగాన్ని మొదలుపెట్టారు. డీఎన్ఏను బాగుచేసే ఎంజైమ్‌ను లైపోసోముల్లో (కొవ్వుతో చేసిన అతిచిన్న బుడగల్లో) పెట్టి, కిరణాలు పడ్డ ఎలుక చర్మానికి పూస్తే రోగనిరోధక శక్తి అణచివేత తగ్గిందని ఆవిడ బృందం 1992లో చూపించింది. దెబ్బతిన్న డీఎన్ఏ కూడా ఆ కబురు పంపుతోందన్నమాట.

సోరియాసిస్ అనే చర్మవ్యాధికి మన ఆస్పత్రుల్లో అతినీలలోహిత కిరణాలతో ఇచ్చే లైట్ ట్రీట్‌మెంట్ కొంతవరకు ఈ అణచివేత వల్లే పనిచేస్తుంది. అక్కడ రోగనిరోధక వ్యవస్థే అతిగా రెచ్చిపోతుంది కాబట్టి, దాన్ని కాస్త తగ్గించడమే వైద్యం.