దారి వెతకొద్దు, ఆనకట్ట ఉందేమో చూడండి

నమస్తే అండీ. ఇవాళ్టి కోడింగ్ ఇంటర్వ్యూ లెక్క ఇదీ. ఒక దీర్ఘచతురస్రం, పెట్టె అందాం. కింద ఎడమ మూల (0, 0) దగ్గర బయల్దేరి, పైన కుడి మూలకి చేరాలి. మధ్యలో వృత్తాలున్నాయి. ఒక్కోదానికి కేంద్రం (ఎక్స్, వై), వ్యాసార్థం ఆర్ ఇచ్చారు. దేన్నీ తాకకూడదు, పెట్టె దాటి బయటికి పోకూడదు. చేరగలమా లేదా, అంతే అడుగుతున్నారు. వృత్తాలు 1000 దాకా, కొలతలు 100 కోట్ల దాకా. అన్నీ ధన పూర్ణాంకాలే, కానీ కేంద్రం పెట్టె బయట కూడా ఉండొచ్చు.

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క మాట అడగండి: "వృత్తం అంచుని తాకినా తాకినట్టేనా?" ఈ లెక్కలో తాకినట్టే. ఈ జవాబుతోనే మీ కోడ్‌లో ఎక్కడ < రాయాలో, ఎక్కడ <= రాయాలో తేలిపోతుంది.

చాలామంది వెంటనే గళ్ళు గీసి బీఎఫ్‌ఎస్ అంటారు, అంటే ఒక గడి నుంచి పక్క గడికి పాకుతూ దారి వెతకడం. 100 కోట్లు ఇంటూ 100 కోట్లు, అంటే 10^18 గళ్ళు. జరిగే పని కాదు. పైగా రెండు వృత్తాల మధ్య సందు ఒక గడి కన్నా సన్నగా ఉంటే, ఉన్న దారి కూడా మీ కోడ్‌కి కనపడదు.

ఇప్పుడు విజయవాడలో మన కృష్ణా నది దగ్గరికి రండి. పున్నమి ఘాట్ నుంచి చూస్తే భవానీ ద్వీపం అంత పెద్దదా, అయినా పడవని ఆపలేదు. ఏ గట్టుకీ అంటుకోలేదు కాబట్టి పక్కనుంచి తిప్పుకుని పోతాం. ప్రకాశం బ్యారేజీ అలా కాదు, ఇటు విజయవాడ గట్టునీ అటు సీతానగరం గట్టునీ కలిపేసింది. 2024 సెప్టెంబర్ వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకుని అక్కడే చిక్కుకుపోయింది అందుకే. దారి వెతకడం కష్టం. గట్టు నుంచి గట్టుకి అడ్డం పడిందా అని చూడటం తేలిక. లెక్క కీలకమంతా ఇదే.

మరి ఇక్కడ గట్లు ఏవి? మన పడవ కింద ఎడమ మూల నుంచి పై కుడి మూలకి పోతోంది. కాబట్టి ఎడమ అంచూ పై అంచూ కలిసి ఒక గట్టు, కింది అంచూ కుడి అంచూ కలిసి రెండో గట్టు. ఒకదానికొకటి తగులుకున్న వృత్తాల గొలుసు మొదటి గట్టు నుంచి రెండో గట్టుకి చేరిందా, దారి మూసుకుపోయినట్టే. చేరలేదా, దారి ఉన్నట్టే.

కోడ్‌లో ముందు రెండు మూలలూ చూడండి. ఏ వృత్తమైనా బయల్దేరే మూలనో చేరాల్సిన మూలనో కప్పేస్తే అక్కడే ఫాల్స్, అంటే చేరలేం. తర్వాత ఏ వృత్తం ఏ అంచుని తాకుతోందో చూడాలి. ఎడమ అంచుకి ఎక్స్ <= ఆర్ అని రాసేస్తే సరిపోదు, ఎందుకంటే ఆ వృత్తం పెట్టెకి ఎంతో పైన ఉండి ఉండొచ్చు. అంచు మీద కేంద్రానికి అతి దగ్గరి బిందువు తీసుకోండి: వై విలువని 0కీ ఎత్తుకీ మధ్యకి బిగించి, అక్కడికి దూరం వర్గం ఆర్ వర్గంతో పోల్చండి. మిగతా మూడు అంచులకీ ఇదే పద్ధతి.

ఇక వృత్తాల జంటలు. అసలు దెబ్బ తినేది ఇక్కడే. కేంద్రాల మధ్య దూరం, వ్యాసార్థాల మొత్తం కన్నా తక్కువో సమానమో అయితే కలిపేయడమే కదా అనుకుంటారు. ఈ ఉదాహరణ చూడండి. పెట్టె 10 బై 10. ఒక వృత్తం (9, 14) దగ్గర, ఇంకోటి (14, 9) దగ్గర, రెండింటి వ్యాసార్థం 4. మొదటిది పై అంచుని తాకుతోంది, రెండోది కుడి అంచుని. దూరం వర్గం 25 ప్లస్ 25, 50. వ్యాసార్థాల మొత్తం వర్గం 64. కలిశాయి. కోడ్ ఫాల్స్ అంటుంది. కానీ అవి కలిసింది పెట్టె బయట. (10, 10) మూల నుంచి ఒక్కో కేంద్రానికి దూరం వర్గం 17, అంటే 16 కన్నా ఎక్కువ. మూల ఖాళీగానే ఉంది, కర్ణం వెంట నేరుగా పోవచ్చు. సరైన జవాబు ట్రూ.

దీనికి మందు: కేంద్రాలని కలిపే గీతని ఆర్1 : ఆర్2 నిష్పత్తిలో విడగొట్టే బిందువు తీసుకోండి. వృత్తాలు కలిస్తే ఈ బిందువు రెండింట్లోనూ ఉంటుంది. అది పెట్టె లోపల ఉంటేనే జంటని కలపండి. భాగహారం లేకుండా ఇలా రాయాలి: ఎక్స్1·ఆర్2 + ఎక్స్2·ఆర్1 < (ఆర్1 + ఆర్2)·వెడల్పు. వైకి కూడా అంతే, వెడల్పు బదులు ఎత్తు. మన ఉదాహరణలో 92 < 80 కావాలి, కాదు, కలపం.

"ఆ బిందువు బయట ఉన్నా, వృత్తాల ఉమ్మడి భాగం కొంత లోపలికి వస్తే?" అని ఇంటర్వ్యూయర్ తప్పకుండా అడుగుతారు. ఉమ్మడి భాగం కుంభాకారం, అంటే అందులో ఏ రెండు బిందువుల్ని కలిపినా ఆ గీత అందులోనే ఉంటుంది. బయటి బిందువు నుంచి లోపలి బిందువుకి గీత గీస్తే అది ఏదో ఒక అంచుని దాటాలి. ఆ దాటే చోటు రెండు వృత్తాల్లోనూ ఉంది కాబట్టి రెండూ అదే అంచుని తాకుతున్నాయి. అంటే ఈపాటికే ఒకే గట్టుకి చేరిపోయాయి. విడిగా కలపకపోయినా నష్టం లేదు.

సీ ప్లస్ ప్లస్‌లో అన్నీ లాంగ్ లాంగ్, అంటే 64 బిట్ల పూర్ణాంకాలు. వర్గాలు 4×10^18 దాకా పోతాయి, 64 బిట్లలో పడతాయి, ఇంట్‌లో పడవు. స్క్వేర్ రూట్ జోలికి వెళ్ళొద్దు. డబుల్ (దశాంశ సంఖ్యల రకం) 2^53 దాటాక పూర్ణాంకాలన్నిటినీ కచ్చితంగా పట్టుకోలేదు, సరిగ్గా తాకే వృత్తాల దగ్గర జవాబు తప్పుతుంది. 1000 వృత్తాలకి జంటలు 5 లక్షల లోపే, కాబట్టి డీఎస్‌యూ (కలిసినవాటిని ఒక గుంపుగా చేర్చే పద్ధతి) అయినా, మామూలు డీఎఫ్‌ఎస్ (ఒకదాని నుంచి దానికి తగిలినదానికి వెళ్తూ వెతికే పద్ధతి) అయినా సరిపోతుంది.

రన్ చేసే ముందు ఇంకో రెండు టెస్టులు చేత్తో వేసుకోండి. అదే 10 బై 10 పెట్టెలో ఒక్కటే వృత్తం, (3, 3) దగ్గర, వ్యాసార్థం 3. ఎడమ అంచునీ కింది అంచునీ తాకి బయల్దేరే మూలని బంధించేసింది, ఫాల్స్ రావాలి. ఎడమ–కుడి, పైన–కింద మాత్రమే చూసిన కోడ్ ఇక్కడ ట్రూ అంటుంది. అదే వృత్తాన్ని (7, 3)కి జరపండి. కింది అంచూ కుడి అంచూ ఒకే గట్టు కాబట్టి ట్రూ రావాలి.